కొబ్బరి మట్టల మీద పెళ్లికారు

మా ఇంటికి వచ్చిన ఏ కోడలూ ఇసుకలో నడిచి రాలేదు. మా నాయనమ్మ పల్లకిలో వచ్చింది. మా అమ్మ మా తాతగారి నల్లకారులో వచ్చింది. ఆ ఇద్దరి పాదాలూ ఈ ఊళ్లో మొదట తాకింది మా గుమ్మం ముందు పేడనీళ్లతో అలికిన నేలనే.

ఉద్దానంలో మాది సముద్రానికి బాగా దగ్గర ఊరు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు నాలుగేళ్లు కూడా నిలిచేవి కావు. తారురోడ్డు ఊరి బయటే ఆగిపోయేది. అక్కడి నుంచి మా ఇంటి వరకు రెండు ఫర్లాంగుల ఇసుక దారి. ఎడ్లబండి ఎలాగో వెళ్తుంది, సైకిలు దిగి నడిపించుకోవాలి, కారు చక్రం మాత్రం సగానికి కూరుకుపోతుంది. అందుకే తాతగారి కారు కదిలే రోజున ఆ దారి పొడవునా కొబ్బరి మట్టలు పరిచి ఉండేవి. ఊరివాళ్లే పరిచేవారు. "మనం ఎవర్నీ అడిగి ఎరగం" అని మా నాన్న చెప్పేవాడు. తోటలు ఒకటొకటిగా చేతులు మారిపోయాక కూడా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గేది కాదు. ఆయన నుంచి నాకు వచ్చిన ఆస్తిలో ఆ మాట కూడా ఒకటి.

తొంభైల ఆఖరులో నా పెళ్లి కుదిరేనాటికి తాతా లేడు, నాన్నా లేడు. నల్లకారు ఏనాడో ఇనుప సామాను కింద పోయింది. మిగిలినవి ఇల్లు, ఖాళీ షెడ్డు, పెరట్లో పదకొండు కొబ్బరి చెట్లు. అమ్మాయిది టెక్కలి. మా ఇళ్లలో పెళ్లి మగపెళ్లివారింట జరుగుతుంది. పెళ్లికూతురిని తీసుకురావడానికి కారు మేమే పంపాలి. మా అమ్మ నా దగ్గర కోరిందల్లా ఒక్కటే. "కోడలు మన గుమ్మం ముందే దిగాల్రా. తారురోడ్డు మీద దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి రాకూడదు."

కారు మాట్లాడడానికి కాశీబుగ్గ వెళ్లాను. టాక్సీలు ఆగే చోట ఒక తెల్ల అంబాసిడర్ నాకు నచ్చింది. దాని యజమానే డ్రైవరు. బానెట్ మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు. ఊరి పేరు చెప్పగానే నవ్వాడు.

"ఆ ఇసకలోకా? తారురోడ్డు వరకే వత్తాను బాబూ. అక్కణ్నించి మీరూ మీ ఇసకా."

"గుమ్మం దాకా రావాలి."

"అయితే జీపు మాటాడుకోండి. పదిమందీ ఎక్కీసి వొచ్చీవొచ్చు."

"మా ఇంటి కోడలు జీపులో రాదు" అన్నాను.

పల్లీలు నమలడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. నా చొక్కా మోచేతి దగ్గర కుట్టు వేసి ఉంది. దాన్ని చూసి కూడా ఏమీ అనలేదు. అది అతని మర్యాద.

"మట్టలేయిస్తారా మరి? మట్టలుంటే వత్తాను. నేకపోతే తారురోడ్డు మీదే దింపీసి ఎల్లిపోతాను. ఆపైన పెళ్లికూతురు నడుసుకొని ఎల్తాదో, ఎగురుకొని ఎల్తాదో మీ ఇట్టం."

"మట్టలుంటాయి."

"ఎనక అద్దం మీద థర్మాకోల్‌తో పేర్లు రాయించమంటారా? ఇప్పుడందరూ అదే రాయిత్తన్నారు."

"వద్దు. ముందు ఒక బంతిపూల దండ, అంతే. మా కారు మీద ఎప్పుడూ పేర్లు లేవు."

"మీ కారా!" అన్నాడతను. బజానా పుచ్చుకుని, పెళ్లిరోజు సాయంత్రం నాలుగింటికల్లా టెక్కలి నుంచి అమ్మాయిని తీసుకువస్తానని మాట ఇచ్చాడు.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, మట్టల సంగతి ఎవరికి చెప్పావని. ఎవరికీ చెప్పలేదన్నాను. చెప్పనన్నాను. పెళ్లి మాట ఊరందరికీ తెలుసు, శుభలేఖలు ఇంటింటికీ పంపాం, కారు వస్తుందనీ తెలుసు. తాత ఉన్ననాడు పరిచిన చేతులే ఇప్పుడూ ఉన్నాయి. అమ్మ ఇంకేదో అనబోయి ఊరుకుంది.

పెళ్లినాటి ఉదయం మేడ మీదికెక్కి చూశాను. దారి మీద ఒక్క మట్ట లేదు. ఎండకు ఇసుక అప్పుడే మెరుస్తోంది.

ముందురోజే నన్ను పెళ్లికొడుకుని చేశారు. ఒంటినిండా పసుపు, బుగ్గన నల్లచుక్క. ముహూర్తం దాకా గుమ్మం దాటకూడదు. అయినా పంచె ఎగ్గట్టి, పెరట్లో పేర్చి ఉన్న ఎండుమట్టలు రెండేసి చొప్పున ఈడ్చుకుంటూ బయటికి నడిచాను. అడగనన్నాను గాని పని చెయ్యనని అనలేదు కదా. ఎడమ చక్రానికొక వరస, కుడి చక్రానికొక వరస, రైలు పట్టాల్లాగా దారి వెంట పొడవుగా పేర్చుకుంటూ పోయాను. చూడడానికి అందంగా ఉంది. ముప్పై గజాలైనా రాకముందే మట్టలు అయిపోయాయి.

అప్పుడే మా వీధి చివరింటి ముసలమ్మ జీడిపిక్కల పనికి వెళ్తూ అటు వచ్చింది. జీడి రసానికి ఆమె వేళ్లు నల్లబడిపోయి ఉంటాయి. ఆ నల్లటి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"ఓలమ్మో! బుగ్గసుక్కెట్టుకోని మట్టలీడుత్తన్నారేటి బావూ? పెళ్లి మీకా, దారికా?"

వరస తప్పిన ఆఖరి మట్టని సరిచేద్దామని చేతిలోకి తీసుకున్నాను.

"అయినా ఇలగ పొడుగ్గా ఎవులేత్తారు? సక్రం పడగానే పక్కకి జారిపోదేటి? అడ్డంగా ఎయ్యాల. మొదలు ఇటొకటి, అటొకటి." కాలితో ఒక మట్టని తిప్పి చూపించింది. ఆ తర్వాత అడిగింది: "మమ్మల్నెందుకు పిలవనేదు?"

"మా తాతగారు ఎవర్నీ పిలిచేవారు కాదు" అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. వెక్కిరింపు పోయింది.

"ఎవులు సెప్పినారు మీకు? బండి తియ్యాలంటే ముందురోజు సాయంత్రం మీ తాతగారే ఇంటింటికీ వొచ్చీవోరు. పాలేర్ని పంపీవోరు కాదు. మా గుమ్మంలో నిలబడి, 'రేపు బండొస్తాదమ్మా, టెక్కలి ఆసుపత్రికి ఎవరైనా ఎల్లాలా?' అనీవోరు. మా పెద్దగుంటడు ఆ కారులో ఎల్లే పుట్టినాడు. అలగ పిలిత్తే ఏసీవోళ్లం. పిలవని పేరంటానికి ఎలగొత్తాం బావూ? మాకు మాత్రం రోసం ఉండదేటి?"

నాకు గుర్తున్నది పరిచి ఉన్న మట్టలే. పరిచే ముందురోజు సాయంత్రం నేను చూడలేదు. నాన్న కూడా చూడలేదేమో, లేదా చూసి నాకు చెప్పలేదేమో. చేతిలో మట్టతో అలాగే నిలబడ్డాను. మూడు రోజులుగా నేను వాళ్ల కోసం చూశాను, వాళ్లు నా కోసం చూశారు. సాయంత్రం నాలుగింటికి కారు తారురోడ్డు దగ్గర ఆగిపోతే, ఒక ఆడపిల్ల పట్టుచీరతో ఈ ఇసుకలో నడిచి వచ్చేది నా మూలంగానే.

లోపలికి వెళ్లి అమ్మతో చెప్పాను. పెళ్లికొడుకు ఇల్లు కదలడమేమిటని అమ్మ అనలేదు. దేవుడి దగ్గరున్న అడకత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది, ఇనుము చేతిలో ఉంటే దిష్టి తగలదని. "మీ తాత కండువా వేసుకునే వెళ్లేవారు" అంటూ ఒక కండువా తీసి నా భుజాన వేసింది. ఆమెకు తెలుసు. నేను అడిగితే చెప్పేదేమో.

మొదటి గుమ్మం ఆగకుండా దాటేశాను. రెండో గుమ్మం ముందు ఆగాను. "ఈ సాయంత్రం బండొస్తుందమ్మా" అన్నాను. తల వంచలేదు. ఆయనా వంచి ఉండడు. ఎవరి గుమ్మంలోనైనా నిటారుగా నిలబడి అడగొచ్చని ఆ పూటే నాకు తెలిసింది. ఒక ఇంట్లో వరసకు మావయ్యయ్యే ఆయన పళ్లు తోముకుంటూ, "పొద్దెక్కినాక గుర్తొచ్చినామా అల్లుడూ?" అన్నాడు. అని, నోరు కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్లి మట్టలు లాగడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి దారి ఇసుక రంగు పోయి మట్టల రంగుకి వచ్చింది. అడ్డంగా, మొదలు ఇటొకటి, అటొకటి. నేను వేసిన ముప్పై గజాలూ ముసలమ్మ దగ్గరుండి తీయించి మళ్లీ వేయించింది.

నాలుగు దాటిన కాసేపటికి తెల్ల అంబాసిడర్ తారురోడ్డు చివర ఆగింది. నేను మేడ మీద నుంచి చూస్తున్నాను. డ్రైవరు దిగి, ఒక మట్ట మీద కాలు పెట్టి తొక్కి చూశాడు. దారి పొడవునా చూశాడు. మళ్లీ ఎక్కాడు. మట్టలు పెటపెటమంటూ విరుగుతున్న చప్పుడు మేడ దాకా వినిపించింది. కారు ఒక్కచోట కూడా ఆగలేదు. అమ్మాయి మా గుమ్మం ముందు దిగింది. అలికిన తడినేల మీద ఆమె పాదం పడడం చూశాను. అమ్మ హారతి పళ్లెంతో నిలబడి ఉంది. అమ్మ మెడ అంత నిటారుగా ఉండడం నాన్న పోయిన తర్వాత అదే చూడడం.

డ్రైవరు మజ్జిగ తాగి కారు వెనక్కి తిప్పుకున్నాడు. నేను మేడ దిగి గుమ్మం లోపలి నుంచే అతన్ని కేకేశాను. "ఖాళీగా వెళ్లకు. కాశీబుగ్గ వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడుగు."

"మీ కారు కదా బాబూ, మీరే అడగండి" అన్నాడు. ఈసారి అతని నవ్వులో వెటకారం లేదు.

అడిగాను. బజారు పని ఉందని ఇద్దరు లేచారు. పనేమీ లేకపోయినా ముసలమ్మ అందరికంటే ముందు ఎక్కి, పెళ్లికూతురు కూర్చుని వచ్చిన సీట్లో అద్దం పక్కన కూర్చుంది. రాత్రి ముహూర్తానికల్లా తిరిగొచ్చేస్తానంది. బంతిపూల దండ ఇంకా కారు ముందు అలాగే ఉంది.

"మెల్లగ పోనీ నాయనా" అని డ్రైవరును గదమాయించడం నాకు వినిపించింది. "మట్టలు మాయి."