పై గదిలో పొటాషియం

ఆ రోజుల్లో అలసటంటే ఏమిటో తెలియాలంటే దేశ రాజధానిలో మునిర్కా అనే పేటలో అద్దెకుంటూ, బడిలో ఆయాగా పని చేస్తూ, ముప్పై దాటాక పదో తరగతి పరీక్షకు కట్టాలి. అక్షరాలే నాకు అప్పుడప్పుడే పట్టుబడుతున్నాయి. గట్టెక్కితే అదే బడి ల్యాబ్‌లో పర్మనెంటు పని, లేకపోతే ఆ వేసవితో ఇంటికి పొమ్మన్నారు. నాకు పాఠం చెప్పింది మా పై గదిలో సివిల్స్‌కు చదివే గుంటూరు కుర్రాడు. అందరం కలెక్టరనే పిలిచేవాళ్లం (మూడుసార్లు తప్పాడు, పేరు మాత్రం నిలిచింది). ఫీజు, నా చేతి పప్పుచారు.

ఒక సాయంత్రం మూలకాల ఆవర్తన పట్టిక ముందేసుకుని, "అక్కా, ఈ అడ్డువరసలో కుడికి పోయేకొద్దీ ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, పరమాణువు చిన్నదవుతుంది" అన్నాడు.

"జనం పెరిగితే ఇల్లు చిన్నదవుతుందా? నీకు నిద్ర చాల్లేదు, పడుకోపో."

"అబ్బా, వినక్కా! కింద మన ఇంటి ఓనరమ్మ, మాలికిన్ ఉందా, అది కేంద్రకం. మన అంతస్తులోకి ఒక్కో అద్దెదారు వచ్చినప్పుడల్లా ఆవిడకో కోడలొస్తుందనుకో. అరిచే నోళ్లు పెరిగితే మనమేం చేస్తాం?"

"ముడుచుకుంటాం."

"అంతే! నిలువువరసలో కిందికి దిగితే, ఇంటికి కొత్త అంతస్తు."

"కిందికి దిగితే మేడ పైకి లేస్తుందా?"

"అది పట్టిక గీసినాయన్నడుగు. పై గదికి ఆవిడ కేక అందదు, అక్కడోడు ఇట్టే జారిపోతాడు. అదీ పొటాషియం."

నోటి పరీక్ష నాడు సారు (పొద్దుట్నుంచీ మాలాంటివాళ్లను విని విని కళ్లు మూతలు పడుతున్నాయి పాపం) సోడియం కన్నా పొటాషియం ఎలక్ట్రాన్‌ను ఎందుకు తేలిగ్గా వదులుతుందని హిందీలో అడిగాడు. బట్టీ పట్టిందంతా ఆవిరైపోయింది. "సర్‌జీ, ఊపర్ వాలా కిరాయేదార్ హై" అని మొదలుపెట్టి, మాలికిన్ కేక పై అద్దెదారుకు అందదనీ, అందుకే వెళ్లిపోతాడనీ చెప్పేశాను. ఆయన కళ్లు తెరిచాడు.

"మునిర్కా మే రహతీ హై?"

"హా జీ."

"మై భీ" అని, తానుండేదీ అక్కడేనన్నట్టు పెద్ద నిట్టూర్పు విడిచి, "ఠీక్ హై, జాయియే" అని పంపేశాడు.

అంచు మీద పాసయ్యాను. ఫలితం తెలిసిన రోజు మిఠాయి పొట్లంతో మేడెక్కితే పై గదికి తాళం. కలెక్టరు నాలుగోసారీ తప్పి, పొద్దున్నే సామాను సర్దుకుపోయాడని కింద నుంచి మాలికిన్ అరిచింది. రెండుసార్లు అరిస్తేగాని నాకు వినపడలేదు. మిఠాయి అక్కడే మెట్ల మీద కూర్చుని నేనే తిన్నాను.

ఇప్పుడు ఈ ఊళ్లోనే లక్ష్మీ నగర్‌లో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. లిఫ్టు లేదు, ఎవరి కేకా ఇంతదాకా రాదు. ఆ పాఠం ప్రకారం ఈపాటికి నేనూ జారిపోయి ఉండాలి. పొటాషియం మాట వేరు, దానికి మోకాళ్లు లేవు.