శనక్కాయ నూనెతో నడిచిన కారు

ఆ రోజుల్లో మోటారు కారు వీధిలో పోతూంటే తింటున్న అన్నం వదిలేసి, ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చి చూసేవాళ్ళు జనం. కారు తలుపు ముట్టుకున్నవాడిది ఒక హోదా, కారు తోలినవాడిది ఇంకో హోదా. అలాంటి కాలంలో, ఇరవై ఏళ్ళకు పైగా కొట్టంలో దుమ్ము తింటూ పడి ఉన్న కారును నేను ఒంటి చేత్తో బతికించి, డోన్ నుంచి మహానంది దాకా గాలిలా తోలుకుపోయాను. దారి పొడుగునా ఆడవాళ్ళు హారతులు పట్టారు. (హారతులు లేవు. ఆ మాటకొస్తే మహానంది కూడా లేదు. చదివేది మనవాళ్ళే కదా అని కాస్త సాగదీశాను. పోనుపోను దూరం నేనే తగ్గించుకుంటూ వస్తాను, తొందరపడకండి.)

అప్పుడు నాకు కర్నూలులో ఒక బస్సు సర్వీసులో ఉద్యోగం. బస్సు పక్కన నిలబడి "నంద్యాల, నంద్యాల" అని గొంతు పోయేలా అరవడం, ఎక్కినవాళ్ళకు టికెట్లు చింపి ఇవ్వడం, అదీ పని. మా అమ్మ మాత్రం డోన్‌లో ఉన్న తన తమ్ముడితో "మావాడు మోటార్ల కంపెనీలో ఉండాడు" అని చెప్పుకుంది. మా మామ చెవిలో పడేసరికి ఆ మాట పెరిగి పెద్దదై, నేను మోటార్లు విప్పి బిగించేవాణ్ణి అయిపోయాను. నేను కాదనలేదు. కాదనకపోవడానికి కారణం మామ కూతురు. మోటార్లు బిగించే బావను ఆ పిల్ల ఎలా చూస్తుందో, టికెట్లు చింపే బావను ఎలా చూస్తుందో నాకు బాగా తెలుసు.

మా మామను ఊళ్ళో అందరూ గానుగ మామ అనేవాళ్ళు. ఇంటి ముందు నూనె అంగడి, వెనక ఎద్దు గానుగ, గానుగ పక్కన కొట్టం, ఆ కొట్టంలో కారు. మామ వాళ్ళ నాయన మంచి రోజుల్లో బళ్ళారి నుంచి తెచ్చిన కారు అది. పెద్దాయన పోయాక దాన్ని ముట్టుకున్నవాడు లేడు. ముందు సీటు మీద, నూనె తీశాక గానుగలో మిగిలే చెక్క బస్తాలు పెట్టుకునేవాళ్ళు. వెనక సీటు పిల్లిది. ఆ పిల్లి తల్లి, దాని తల్లి, అందరూ ఆ సీట్లోనే ఈనారు.

ఒక రోజు మామ కబురు పెడితే వెళ్ళాను. నన్ను చూడగానే భుజం మీద చెయ్యి వేసి కొట్టం దగ్గరికి తీసుకుపోయాడు.

"ఏమిరా అల్లుడా, ఆదివారం పాపను చూసేకి కడప నుంచి వస్తాండారు. శానా ఉండేవాళ్ళంట. అట్లాటోళ్ళను టేషన్ నుంచి జట్కాలో తెస్తే మన మర్యాదేం గావల్ల? కారులో తేవల్ల. లేపు దీన్ని!"

నిద్రపోతున్న మనిషిని లేపమన్నట్టే అన్నాడు. పాపను చూడటానికి ఎవడో వస్తున్నాడు. వాణ్ణి దర్జాగా తీసుకురావడానికి నేను కారు బాగు చెయ్యాలి!

మామ అటు పోగానే ఆ పిల్ల చెక్క బస్తాల చాటు నుంచి వచ్చింది. చేతిలో పిల్లికి పాలగిన్నె.

"విన్నావు కదా బావా! కారు లేపితే ఆ కడపాయన దొర మాదిరి దిగుతాడు. లేపకపోతే నువ్వు దేనికీ పనికిరావని నాయన తీర్మానం చేస్తాడు. ఏం చేస్తావు?"

"నువ్వేమంటావు?"

"నేనేమంటాను? మోటార్లోడివి నువ్వు" అని గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. నవ్విందో లేదో చీకటి కొట్టంలో కనిపించలేదు. నవ్విందనే ఇన్నేళ్ళూ అనుకున్నాను.

పని మొదలుపెట్టాను. కర్నూలులో మా డ్రైవర్లు ఏం చేసేవాళ్ళో టికెట్లు చింపుతూ చూసిందే నా చదువు. ముందుగా పిల్లినీ దాని కూనల్నీ మర్యాదగా వేరే బసకు మార్చాను. హ్యాండిల్ తగిలించి తిప్పితే ఇంజను గోడలాగా కదల్లేదు. ప్లగ్గులు ఊడదీసి, ఆ కంతల్లో కిరసనాయిలు పోసి నానబెట్టాను. (ఎంతసేపు నానాలో తెలియక, మినప్పప్పు లెక్కన ఒక రాత్రి నానబెట్టాను.) పొద్దున్నే వేలాడినట్టు హ్యాండిల్ మీద పడితే లోపల ఏదో కిర్రుమని ఒక చుట్టు తిరిగింది. ఆ సంబరంలో ప్లగ్గులు బిగించి ఇంకో చుట్టు తిప్పితే అది ఎదురు తన్ని నన్ను చెక్క బస్తాల మీదికి విసిరేసింది. టైర్ల లోపలి ట్యూబులు పొడి పొడిగా రాలిపోయాయి. వాటి బదులు జొన్న చొప్ప కూరాను. ఇది మాత్రం పూర్తిగా నా సొంత తెలివి.

ఇక ఇంజనుకు ఆయిల్ కావాలన్నాను. మామ ముఖం మాడిపోయింది.

"ఆయిలంటే నూనే గదరా?"

"నూనే మామా, అయితే వేరే నూనె."

"ఇంగ్లీషులో చెప్తే నూనె మారిపోతాదా? తాతల కాలం నుంచి ఊరికంతా నూనె పోస్తాండే ఇల్లు ఇది. నా ఇంటి బండికి నేను బయట నూనె కొనుక్కొస్తే బజార్లో తలెత్తుకొని తిరగల్లా, వద్దా?"

"అది తినే నూనె మామా!"

"మనుసులు తినేది మిషను తినదా? దానికంత రోగమేమి?"

మామతో వాదించే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. గుట్టుగా కర్నూలు పోయి, మా బస్సుల షెడ్డు నుంచి అసలైన ఇంజను ఆయిల్ ఒక డబ్బా తెచ్చి, కొట్టంలో గోనెపట్ట కింద దాచాను. ఆదివారం పొద్దున్నే తొందరలో ఆ డబ్బా ఎత్తి ఇంజనులో ఒంపేశాను. పెట్రోలు పోశాను, నీళ్ళు పోశాను, మామ టెంకాయ కొట్టాడు. హ్యాండిల్ తిప్పాను. దగ్గింది. మళ్ళీ తిప్పాను. తుమ్మింది. ఇంకోసారి తిప్పేసరికి కొట్టం పైకప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయేటట్టు ఢమఢమ మొదలుపెట్టింది. మామ నన్ను కావలించుకుని ఏడ్చాడు. "మా నాయన గొంతు విన్నట్టుందిరా" అన్నాడు.

కారు వీధిలోకి వచ్చింది. వెనక నీలం పొగ. ఆ పొగకు కమ్మని వాసన. ఎవరింట్లోనో మిరపకాయ బజ్జీలు వేయిస్తున్నట్టు! జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చింది కారు చూడటానికో, బజ్జీల కోసమో ఈనాటికీ తేలలేదు. ఒకాయన మా వెనకే పరుగెత్తుతూ "యాడప్పా అంగడి? యాడ పెట్టినారు?" అని అడిగాడు. నాకు అప్పుడు వెలిగింది. ఇంజనులో ఉన్నది శనక్కాయ నూనె! పక్కనే కూర్చున్న మామ మాత్రం ఏమీ ఎరగనట్టు మీసం దువ్వుకుంటున్నాడు.

స్టేషన్ దాకా వెళ్ళాం. (మహానంది అన్నానే, అది ఇదే.) కడప పెండ్లికొడుకు, వాళ్ళ నాయన, జరీ తలపాగాతో ఒక పెద్దమనిషి దిగి, కారును చూసి ముచ్చటపడి ఎక్కి కూర్చున్నారు. కారు జట్కా స్టాండు దాకా వచ్చి, ఒక్క పెద్ద తేన్పు తేన్చి ఆగిపోయింది. ఎంత తిప్పినా ఉలకలేదు. ఇంతలో ఒక బర్రె వచ్చి, చిరిగిన టైరులోంచి జొన్న చొప్ప లాగి తినడం మొదలుపెట్టింది.

"దిగొద్దండి! దిగితే నాకు మర్యాద కాదు" అని చుట్టాలకు దండం పెట్టి, మామే ఇంటికి పరుగెత్తి గానుగ ఎద్దును తోలుకొచ్చాడు. తాడేసి కారు ముందు కట్టాం. జట్కావాళ్ళు వెనక నుంచి తోశారు. నేను స్టీరింగు పట్టుకున్నాను.

ఆ ఎద్దు పుట్టి బుద్ధెరిగాక తిన్నగా నడిచింది లేదు. నడకంటే దానికి గుండ్రంగా తిరగడమే. మెడ మీద బరువు పడగానే బుద్ధిగా కుడిపక్కకు వంగి, జట్కా స్టాండు మధ్యనున్న నీళ్ళతొట్టి చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టింది. దాని వెనకే కారు, కారులో కడపవాళ్ళు. నేను స్టీరింగు ఎడమకు తిప్పాను, అది లక్ష్యపెట్టలేదు. మామ ముందుకు పోయి బుజ్జగించాడు, తిట్టాడు, మెడ పట్టుకుని వేలాడాడు. ఎద్దు తన గానుగ తను ఆడుతూనే ఉంది. తలపాగా పెద్దాయన కళ్ళు తేలేసి "ఆపండప్పా, తిరుగుతాండాది!" అన్నాడు. "ఏం తిరుగుతాండాది?" అని మామ. "డోన్ అంతా తిరుగుతాండాది!" అని ఆయన కిందికి దూకి నీళ్ళతొట్టిలో తల పెట్టాడు. మిగతా ఇద్దరూ ఆయన్ని పట్టుకుని నేరుగా ప్లాట్‌ఫారం మీదికి నడిచారు. పోతూ పోతూ పెండ్లికొడుకు నాయన ఒకే మాట అన్నాడు: "పిల్లను చూడకముందే ఇంత తిప్పితిరే, పెండ్లయినాక ఎంత తిప్పుతారప్పా!"

మామ నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మా అమ్మ దగ్గరికి వచ్చి "వచ్చిన సంబంధం చెడగొట్టింది నీ కొడుకే. వాడే కట్టుకోవల్ల. వేరే దారి లేదు" అని తేల్చేశాడు. అలా నాకు పెళ్ళి ఒక శిక్షగా పడింది. అంత సంతోషంగా శిక్ష అనుభవించినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మనవళ్ళకు ఈ కథ చెప్పినప్పుడల్లా, సంబంధం చెడగొట్టాలనే శనక్కాయ నూనె కావాలని పోశానని చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా సాగదీతే. నేను తెచ్చింది మంచి ఆయిలే. పంతం కొద్దీ మామే డబ్బాలో నూనె మార్చేశాడని నా నమ్మకం. స్టీరింగు పట్టుకుని, ఎద్దు ఎటు తిప్పితే అటు తిరుగుతూ, నేనే తోలుతున్నానని ఛాతీ విరుచుకున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఇంతవరకూ రాసి మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ కందులు చెరగడం ఆపి, చాట కింద పెట్టింది.

"నాయన మార్చినాడని రాసినావు చూడు, అది కొట్టెయ్. ఆయన ఆ డబ్బా కంటితో కూడా చూసిండ్లేదు. మార్చింది నేను."

ఇన్నేళ్ళకు నా ముఖం విప్పారింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని "నా కోసరమేనా?" అని అడిగాను.

"నీ కోసరమా! ఈనిన పిల్లిని కూనలతో సహా బస్తాలో వేసి గోడ అవతల పెట్టొస్తివి. మర్యాదగా మార్చినాడంట, మర్యాదగా! నీ మోటారు నాశనం గావల్ల అని పోసినా. కడపోళ్ళు వాపస్ పోతారని నాకేం తెలుసు?"