ఆగమంటే ఆగిన పిల్ల

మా అమ్మాయి కరాటే మాస్టారు పోయారని ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. అంత దిట్టమైన మనిషికి గుండెపోటేమిటని నాకు వెంటనే అనుమానం వచ్చింది. నేను నర్సుని, ఇలాంటివి రోజూ చూస్తూనే ఉంటాను, అయినా వచ్చింది. ఆయన విషయంలో నాకు మొదటినుంచీ అనుమానమే మరి.

ఢిల్లీ పక్కన వైశాలిలో మా చర్చి వెనకాల హాల్లో సాయంత్రాలు నేర్పేవారు. కాకినాడ మనిషి. పగలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. ఇంతేసి పిల్లల్ని కూడా మన్నించి పిలిచేవారు. "ఏవండీ, చెయ్యి కొంచెం పైకెత్తండి" అంటే తెలుగు రానివాళ్ళు కూడా ఎత్తేసేవారు. మాటమాటకీ "ఆయ్" అనడం ఆయన అలవాటు. ఢిల్లీ పిల్లలు అదేదో కరాటే కేక అనుకుని "ఆయ్!" అంటూ గుద్దేవాళ్ళు. ఆయన నవ్వుకునేవారే గానీ దిద్దలేదు.

నా అనుమానమంతా ఆ పాయింట్ల ఆట మీద. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు రెండోవారిని తాకగానే మాస్టారు ఆట ఆపి పాయింటు ఇస్తారు. మళ్ళీ మొదలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ నేను మా అమ్మాయిని చేర్చింది పతకాల కోసం కాదు. ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక ఒక్కతే వస్తుంది, అదీ నా బెంగ. ఒకరోజు అడిగేశాను.

"మాస్టారూ, రోడ్డు మీద వెధవ ఎవడైనా ఒక్క దెబ్బకి పాయింటు ఇచ్చి వెనక్కి తగ్గుతాడా?"

"తగ్గడండి, సిస్టరు గారూ."

"మరి దేనికండీ ఇదంతా?"

"మనిషి మీదికొస్తుంటే బిగుసుకుపోకుండా ఉంటారండి. ఎంత దూరంలో ఉండాలో తెలుస్తుంది. మిగతాది నాకూ తెలీదండి, ఆయ్."

తెలీదని అంత నిమ్మళంగా చెప్పే గురువుని ఎలా నమ్మమంటారు చెప్పండి?

ఆట మధ్యలో మాత్రం మర్యాదలకి టైముండదు. ఆపడానికి "ఆగు!" అని గట్టిగా అరిచేవారు. హిందీ పిల్లలకి అది "ఆగే" అని వినపడేది, అంటే ముందుకి పొమ్మని. వాళ్ళు ఇంకా మీదపడి బాదేవాళ్ళు. తెలుగు తెలిసిన మా అమ్మాయి ఒక్కతే ఠక్కున ఆగేది. బుద్ధిమంతురాలని అందరి ముందూ మెచ్చుకునేవారు.

పోయిన చలికాలం మెట్రో మెట్ల దగ్గర ఒకడు మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు. ఇది వాడి ఛాతీ మీద శుభ్రంగా ఒక గుద్దు గుద్దింది. గుద్ది, చెయ్యి వెనక్కి తీసుకుని, నిలబడిపోయింది. వాడు లెంపకాయ కొట్టి ఫోను లాక్కుని పోయాడు.

వాచిన చెంపతో దాన్ని అలాగే హాలుకి లాక్కెళ్ళాను. "చూసుకోండి మీ పాయింటు!" అని అరిచాను. ఆయన దాన్ని కూర్చోబెట్టి, గుద్దాక ఏం చేశారండీ అని అడిగారు.

"రుక్ గయీ, సర్."

"ఎందుకాగారు?"

"ఆప్ హీ తో బోల్తే హో... ఆగు." మీరేగా ఆగమంటారు అని.

మాస్టారు ఉన్నచోటే కూలబడ్డారు. "నా మాట అర్థం కానివాళ్ళు బాగుపడ్డారు. అర్థమైన పిల్లకి దెబ్బ తగిలింది. తప్పు నాదండి" అన్నారు. కళ్ళు తుడుచుకుంటుంటే చూసి నా కోపం దిగింది గానీ అనుమానం దిగలేదు.

మర్నాటినుంచి ఆ మాట మానేశారు. ఇక తాకినందుకు పాయింటు లేదు. తాకి, తప్పించుకుని, బయటికి పరుగెత్తి, కూరల బండి చుట్టూ ఉన్న జనంలో కలిస్తేనే పాయింటు. తెల్లబట్టల పిల్లలు "ఆయ్, ఆయ్" అంటూ వచ్చి పడుతుంటే బండి భయ్యా టమాటాలు కాపాడుకోలేక చచ్చేవాడు.

"పారిపోవడానికి ఇన్ని బెల్టులెందుకండీ?" అని దెప్పాను.

"గెలవక్కర్లేదండి, ఇంటికి రావాలి" అన్నారు. జనమే లేని రోడ్డయితేనో అని అడిగితే మళ్ళీ తెలీదనే అన్నారు. ఇప్పుడనిపిస్తుంది, ఆ తెలీదన్న మాట వల్లే నేను పిల్లని మాన్పించలేదేమో. అన్నీ తెలుసని ఆయన అనుంటే ఆ రోజే తీసుకొచ్చేసేదాన్ని.

సమాధుల తోటలో మాస్టారి మీద మట్టి వేయడం అయ్యింది. మా అమ్మాయి ఏడవకుండా నేలకేసి చూస్తోంది. చర్చి అంకుల్ ఒకాయన, చాలా మంచివాడు, ఓదారుద్దామని వెనకనుంచి దాని భుజం మీద చెయ్యి వేశారు. అంతే! విదిలించుకుని, ఎవరో ఏమిటో చూడకుండా ఒక్క ఉరుకున వెళ్ళి ఆడవాళ్ళ గుంపు మధ్యలో దూరిపోయింది. అక్కణ్ణుంచి తిరిగి చూసి "సారీ అంకుల్" అంది. పాపం, ఆయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

ఆ ఉరుకు మాస్టారు నేర్పిందా, ఆ మెట్ల దగ్గరవాడు పెట్టిన భయమా? అడుగుదామని అలవాటు కొద్దీ ఆయన వైపు తిరిగాను. పచ్చి మట్టి మీద ఎవరో పూలు సర్దుతున్నారు.