వదిన కూల్చిన షెడ్డు

ఊరంతా ఆమెను అగ్గి వదిన అనేవారు. అడవి ఆఫీసులో దినకూలీ. ఏటా ఎండలు ముదరకముందే ఆరుగురు ఆడవాళ్లను వెంటేసుకుని, అడవికీ ఇళ్లకీ మధ్య ముప్పై అడుగుల వెడల్పున పొదలు నరికి, ఎండుటాకులు ఊడ్చి, నేల కనబడేదాకా చెక్కేది. అడవిలో మంట లేచినా, తినడానికేమీ దొరక్క అక్కడే చావాలని.

ఆ ఏడు సరిగ్గా ఆ జాగాలోనే ఆమె మరిది షెడ్డు వేశాడు. అతను వడ్రంగి. లోపల దుంగలు, మోకాలెత్తు రంపపు పొట్టు, వార్నిష్ డబ్బాలు.

"ఇది షెడ్డు కాదయ్యా, కొంపలకి పెట్టిన కొరివి. తీసెయ్," అంది వదిన.

"అడవి నీ పుట్టింటివాళ్లు రాసిచ్చారా?" అన్నాడు మరిది.

ఆమె తనే ఒక దుంగను బయటికి దొర్లించింది. అతను చేతికందిన పలకతో చెంప మీద కొట్టాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారింది. ఆఫీసుకెళ్లి చెబితే, "ఇంటి గొడవలు ఇంట్లోనే చూసుకోమ్మా," అన్నాడు ఆఫీసరు. ఆ చెవి మళ్లీ వినబడలేదు.

నెల తిరక్కుండానే ఒక మిట్టమధ్యాహ్నం అడవి అంటుకుంది. గాలి ఊరివైపే. వెదుళ్లు తుపాకులు పేలినట్టు పేలుతున్నాయి. వీపు కాలుతున్న అడవిపంది ఒకటి కీచుమంటూ దూసుకొచ్చి, ఒక ఇంటి గోడకు గుద్దుకుని కూలబడింది. వదిన ట్రాక్టరు డ్రైవర్ని చొక్కా పట్టి లాక్కొచ్చింది. "గొలుసు కట్టు! షెడ్డు మొత్తం దున్నిన చేలోకి ఈడ్చెయ్!"

మరిది గొడ్డలి పుచ్చుకుని అడ్డం వచ్చాడు. "ముట్టుకుంటే నరికేస్తా!"

వెనకనుంచి అతని పెళ్లాం అరిచింది: "అక్కా, పిల్లలు ఇంట్లోనే ఉన్నారే!"

అతను గొడ్డలి ఎత్తాడు. వదిన పక్కకు తప్పుకుని, చేతిలోని పార తిరగేసి అతని మోచేతి మీద బలంకొద్దీ ఒక్కటిచ్చింది. ఎముక విరిగిన చప్పుడు ఆమె మంచి చెవికి స్పష్టంగా వినిపించింది. అతను రెండో చేత్తో ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఇంకోటిచ్చింది. పడిపోయాడు. తోడికోడలు గొలుసును స్తంభానికి చుట్టింది. ట్రాక్టరు గుంజింది. పైకప్పు విరిగి, షెడ్డు దుంగలతో సహా చేలోకి ఈడ్చుకుపోయింది. ఆడవాళ్లు మిగిలిన పొట్టు మీద మట్టి కుమ్మరించారు. మంట అడవి అంచుదాకా వచ్చింది. వదిన మరిదిని రెండు కాళ్లూ పట్టి వెనక్కి లాగుతుంటే ఆమె రవికెకు వీపున నిప్పంటుకుంది. ఎవరో గోనెసంచితో కొట్టి ఆర్పారు.

చెక్కిన నేల దగ్గర మంట ఆగింది. ఎగిరొచ్చిన నిప్పురవ్వలకు రెండు గడ్డివాములు పోయాయి. ఇల్లు ఒక్కటీ పోలేదు.

పోలీసులు అడిగితే, "నేనే కొట్టాను. రెండుసార్లు," అంది వదిన. ఆఫీసువాళ్లు పనిలోంచి తీసేశారు. ఆ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ దొరక్క రెండు నెలలకు మళ్లీ పిలిచారు. మరిది చెయ్యి వంకరగా అతుక్కుంది. చిత్రిక పట్టలేడు. వదిన ఎదురొస్తే వీధి మారతాడు. తోడికోడలు మాత్రం కొడవలి పట్టుకుని ఆమె పక్కన పనికి వస్తోంది.

"తప్పు చేశానంటావా?" అని ఒకరోజు వదిన అడిగింది.

"ఆయనకి ఇప్పుడు అన్నం నేనే కలిపి పెట్టాలక్కా," అంది తోడికోడలు. కొడవలి చేతిలోకి తీసుకుని, "పిల్లలు బతికున్నారు," అంది.

ఇద్దరూ వంగి పొద నరకసాగారు.