ఎర్ర అతుకులు

అందరూ ఆమెను అతుకులమ్మ అంటారు. అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బోర్డులు విరిగితే బాగుచేస్తుంది. షెడ్డులో బల్ల మీద బోర్డును బోర్లా పెట్టి గాటులో వేలు పోనిచ్చిందంటే, అది దేనికి తగిలిందో చెప్పేస్తుంది. ఇసుక గీరుతుంది, పడవ నొక్కుతుంది. పగడపు దిబ్బ మాత్రం కొరుకుతుంది.

షెడ్డుకెదురుగా సముద్రంలో నీళ్లకింద అలాంటి దిబ్బే ఉంది. దాని మీద లేచే అలను ఆమె బోర్డుతో ఇరవై ఏళ్లు ఎక్కింది. కింది నీళ్లన్నీ తనలోకి లాగేసుకుని, గాజులా నిలబడి, రాళ్లను మోకాలి లోతులో వదిలేసే అల. ఎప్పుడు వదులుకోవాలో తెలిసినవాళ్లకే అది లొంగుతుంది.

ఆ ఉదయం వచ్చిన బోర్డు అంచులో పగడపు ముక్క ఇరుక్కుని ఉంది. పక్కనే ఎండిన నెత్తురు.

"ఎవరిదిది?"

బోర్డులు అద్దెకిచ్చే మరిది ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఎవరో కొత్తమ్మాయి వదినా. గడ్డానికి నాలుగు కుట్లు పడ్డాయి. అల ఎక్కడం వచ్చంటేనే ఇచ్చా. నువ్వు అతికించి తెల్లరంగు కొట్టెయ్. మధ్యాహ్నం ఇంకొకాయనకి ఇవ్వాలి."

"ఆయనకైనా వచ్చా?"

"నిలబడ్డం వచ్చట."

"నిలబడ్డం కోడిపిల్లకీ వచ్చు! మధ్యాహ్నానికి నీళ్లు వెనక్కి తీస్తాయి, దిబ్బ పైకొస్తుంది. తెలీదూ నీకు?"

"అబ్బా, మొదలెట్టావా! నీ పని అతుకు, నా పని అద్దె."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ అతుకు కనబడనివ్వకపోవడమే పనితనం అనుకుంది. నున్నగా రుద్ది, తెల్లగా కప్పి, ఆ దిబ్బ పంటిగాట్లన్నీ తన చేత్తోనే దాచిపెట్టింది. మరిది మీద లేచిన కోపం తిరిగి తిరిగి తన వేళ్ల మీదికే వచ్చింది.

అతుకు పోసే రెసిన్ జిగురు డబ్బాలో ఎర్రరంగు ఒంపి కలిపింది. కొత్త గాటుకే కాదు, పాత అతుకులన్నీ గీకి మళ్లీ పోసింది. మొత్తం పన్నెండు. ఎండలో పెట్టి గట్టిపడనిచ్చింది.

మధ్యాహ్నం మరిది చూసి అదిరిపడ్డాడు. రంగు కరిగించే థిన్నర్‌లో గుడ్డ ముంచి రుద్దాడు. రుద్దిన కొద్దీ ఎరుపు మెరిసింది.

"పోదు. రంగు పైన లేదు, అతుకులోనే ఉంది. గీకావంటే బోర్డు నీళ్లు తాగుతుంది."

"నా కడుపు కొడుతున్నావు వదినా!"

"గడ్డం చీలిన పిల్లతో చెప్పు ఆ మాట!"

అద్దెకొచ్చినాయన గుమ్మంలో నిలబడి బోర్డు వంక చూస్తున్నాడు. "ఏంటండీ ఈ ఎర్రవి?"

"దిబ్బ కొరికిన చోట్లు. మనుషులకి పడ్డవి నా దగ్గరికి రావు, ఆసుపత్రికి పోతాయి."

ఆయన సముద్రం వైపు తిరిగాడు. అల నీళ్లను వెనక్కి పీల్చింది. నల్లరాళ్లు బయటపడ్డాయి. వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మరిది గుడ్డను నేలకేసి కొట్టి వెళ్లాడు. ఆమె కోపం చల్లారలేదు. గోడకు ఇంకా తొమ్మిది బోర్డులు ఆనించి ఉన్నాయి. అన్నీ ఆమె తెల్లగా మెరిపించినవే. మొదటిదాన్ని బల్ల మీదికి లాగి గీకడం మొదలుపెట్టింది.