జ్వరం చూసే చెయ్యి

మా ఫ్లాట్లో స్నానాలగది టైల్స్ మారుస్తున్నారు. తడి సిమెంటు వాసన ఇల్లంతా కమ్ముకోగానే నా చెయ్యి నాకు తెలియకుండానే బుగ్గ మీదికి పోయింది.

దేవనహళ్ళికి విమానాశ్రయం ఇంకా రాని రోజులు. మేము అనంతపురం వైపు నుంచి పనికోసం వచ్చి, నగరం అంచున కాడుగోడిలో రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. నాయిన బేల్దారి, గోడలు కట్టేవాడు. సాయంత్రం చేతులు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, చేతి వెనకవైపు నా బుగ్గకు ఆనించేవాడు. అమ్మ జ్వరం చూసేదీ అట్లాగే. దాంతో నాకేదో పెద్ద రోగముందనీ, నాకు చెప్పకుండా దాస్తున్నారనీ అనుకున్నాను.

ఒకరోజు ఏడుపు ఆగలేదు. "నాకేం రోగం నాయినా? దినామూ జ్వరం చూస్తాండావు!"

నాయిన బిత్తరపోయాడు. అమ్మ నవ్వి, ఆయన అరచేతిని తీసి నా బుగ్గ మీద పెట్టింది. పగుళ్ళు తేలిన గట్టి చర్మం చురుక్కున గీరుకుంది. ఆయన వెంటనే చెయ్యి లాగేసుకున్నాడు.

"చూసినావా పాపా? నీకు గీరుకుంటాదనే మీ నాయిన అట్ల ముట్టుకునేది," అంది అమ్మ.

తర్వాత బడిలో చర్మం పాఠం వచ్చింది. రాపిడి తగిలేచోట చర్మం మందమై లోపలి కండను కాపాడుతుందని టీచరు చెప్పింది. కాపాడుతుంది, నిజమే. కానీ అంత మందం చర్మానికి నా బుగ్గ మెత్తదనం ఏం తెలిసివుంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. సిమెంటు అంతగా తినేయని ఆ వెనకవైపుతోనే ఆయనకు నేను తెలిసేదాన్నేమో.

పని మానేశాక నాయిన అరచేతులు మెత్తబడ్డాయి. అయినా నన్ను చూడగానే ఆయన చెయ్యి వెనకవైపుకే తిరుగుతుంది. నేనూ బుగ్గ ముందుకు పెట్టి అంటాను:

"జ్వరం చూడు నాయినా."