అరుంధతి ఆంటీ పేరు మీది కంపెనీ

"సంతకం అవసరం పడితే చాలు, అందరికీ నేనే యాదికొస్త!"

"అత్తా, ఇల్లు రాసియ్యమంటున్ననా? నా కంపెనీల నా పేరు ఎక్కియ్యమంటున్న. గంతే."

"నీ కంపెనీ అని ఎవలన్నరు? కాయితం మీద నా పేరుంది."

"ఆ పేరు ఎందుకు పెట్టినమో నీకు తెల్వదా?"

"తెల్సు. అందుకే అడుగుతున్న. ఇప్పుడెందుకు తీస్తున్నవు?"

భుజం మీద నీళ్ల క్యాన్‌తో మెట్ల మీదే ఆగిపోయాను. ఇలాంటప్పుడు దగ్గి లోపలికి పోయేవాడిని అని చెప్పుకునే వాళ్లను నేను నమ్మను. ఎవరైనా వింటారు. నేనూ విన్నాను.

అశోక్‌నగర్ గల్లీలో రెండో అంతస్తులో అరుంధతి ఆంటీ స్టడీ హాల్ ఉంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు నెల కిరాయికి వచ్చి కూర్చుంటారు. మెట్లు ఎక్కగానే ఒక చిన్న ఆఫీసు గది. కొట్లాట అందులో జరుగుతోంది. ఒకవైపు ఆంటీ, ఇంకోవైపు ఆమె అన్న బిడ్డ రాగిణి.

ఆంటీ ఎవరినీ నమ్మదు. చిక్కడపల్లి మార్కెట్లో బండివాడు పైన పేర్చిన టమాటలు ముట్టదు, గంప అడుగున చెయ్యి పెట్టి తీస్తుంది. దానికి కారణం ఉంది. ఆమె భర్తకు చిక్కడపల్లిలో పిండి గిర్ని ఉండేది. ఆయన పోయాక మరిది వచ్చి, ఏదో బ్యాంకు పని, ఒక్క సంతకం వదినా అన్నాడు. పెట్టింది. కొన్నాళ్లకు కూరగాయలకని పోతుంటే గిర్ని ముందు నిచ్చెన వేసుకొని పెయింటర్ బోర్డు మీద పేరు మారుస్తున్నాడు. పోయింది గిర్ని. ఆ సంగతి ఆమెకు చెప్పింది బోర్డే.

తర్వాత ఈ ఫ్లోర్ కిరాయికి తీసుకొని కుర్చీలు వేసింది. పిల్లలు తెల్లారగానే వచ్చి కుర్చీ మీద దస్తీ పరిచి, మళ్లీ హాస్టల్‌కు పోయి పండుకునేవాళ్లు. బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేసినట్టే. దస్తీ ఉన్న కుర్చీని ముట్టుకుంటే తన్నుకోవడమే. ఆంటీ హాల్ గోడకు ఒక తీగ కట్టింది. దస్తీ వేసినవాడు చాయ్ తాగొచ్చేంత సేపట్లో రాకపోతే ఆ దస్తీ తీగ మీదికి పోతుంది, నిలబడ్డవాడు కూర్చుంటాడు. మొదటివాడు వచ్చి తన దస్తీ తీసుకుంటే, తర్వాత ఖాళీ అయ్యే కుర్చీ వాడిది. కొట్లాటలు బంద్ అయ్యాయి.

ఇంజినీరింగ్ చదవడానికి వచ్చి ఆంటీ ఇంట్లోనే ఉన్న రాగిణి ఇదంతా చూసింది. దస్తీ బదులు ఫోన్ పెట్టింది. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా ఏ హాల్లో ఏ కుర్చీ ఖాళీగా ఉందో, నీ వంతు ఎప్పుడో ఫోన్లో కనిపిస్తుంది. అదే కంపెనీ. హాల్ హాల్‌కు తిరిగి ఓనర్లకు దాన్ని అర్థం చేయించడం నా పని. డిగ్రీ మధ్యలో వదిలినవాడికి మా గల్లీల్లో ఇంతకంటే మంచి ఉద్యోగం దొరకదు.

రిజిస్ట్రేషన్ రోజు పంతులు జాతకం చూసి, ముప్పై దాటేదాకా రాగిణి పేరు మీద ఏదీ నిలవదన్నాడు. నవ్వి వదిలేసేవాళ్లే. కానీ అంతకుముందు ఆమె పేరు మీద కొన్న స్కూటీ వారం తిరగకుండానే బషీర్‌బాగ్‌లో దొంగల పాలైంది. ఇంకేం కావాలి సాక్ష్యం? కంపెనీ మొత్తం ఆంటీ పేరు మీద పెట్టారు. మిఠాయి పంచారు.

ఇప్పుడు లండన్‌లో ఒక కాలేజీ, తమ లైబ్రరీలో ఇది పెట్టి చూస్తామంది. మనిషి అక్కడ ఉండి నడపాలి. అందుకని హిమాయత్‌నగర్‌లో వీసా కన్సల్టెంట్ దగ్గరికి ముగ్గురం పోయాం. గోడ నిండా వీసాలు వచ్చినవాళ్ల ఫోటోలు. చూస్తే అందరి మెడలో ఒకటే టై. అదే టై ఆయన మెడలోనూ ఉంది.

"విజిటర్ వీసా మీద పోతే మీటింగులు పెట్టుకోవచ్చు, పని చేయొద్దు," అన్నాడు. "కంపెనీ పెట్టినోళ్లకు వేరే ఉంటది. ఫౌండర్ వీసా. మూడేండ్లకు ఇస్తరు. ముందుగాల అక్కడి సంస్థ ఒకటి మిమ్మల్ని వీడియోల అడుగుతది. ఈ ఆలోచన మీదేనా, కంపెనీల మీ స్థానం ఏంది అని. వాళ్లు సరే అంటేనే వీసాకు పోవాలె." కాగితాలు తిప్పి రాగిణి వైపు చూశాడు. "మీరెవరమ్మా? దీంట్ల మీరు లేనే లేరు."

రాగిణి మొహం తెల్లబోయింది.

"ఫౌండర్ మేడమే. మేడమే పోవాలె లండన్," అని నవ్వాడు.

ఆంటీ నవ్వలేదు. "ఇంగ్లిష్ పరీక్ష ఉంటదా?"

"ఉంటది."

"అయితే నాకు కాదు," అని లేచింది.

ఆ టై చూసినప్పటి నుంచి ఆయన మీద నాకు అనుమానమే. ఇంటికొచ్చి ఆ దేశం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూశాను. వీసా సంగతి వరకు నిజమే చెప్పాడు. అలా ఆయన మీద అనుమానం కొంచెం తగ్గింది, అది వచ్చి రాగిణి మీద పడింది. ఆ రోజు నుంచి తను ఫోన్ బోర్లా పెడుతోంది. ఆంటీ వస్తే మాట మారుస్తోంది.

ఇక మెట్ల మీద నేను విన్నది.

"సరే, ఎక్కిద్దాం. ఎంత ఎక్కియ్యాలె?" అంది ఆంటీ.

"మొత్తం నా పేరు మీదికి మారిస్తేనే మంచిదంట."

"అంట! ఎవలన్నరంట?"

"హిమాయత్‌నగర్ సార్."

నేను క్యాన్ దించి లోపలికి పోయాను. "ఆయన గట్ల అనలేదక్కా. నేనక్కడనే ఉన్న గద."

రాగిణి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ యాదికుంది. "తరుణ్, నీకు జీతం ఇచ్చేది ఎవరు?"

"అకౌంట్ ఆంటీ పేరు మీద ఉంది," అన్నాను.

ఆంటీ కుర్చీలో వెనక్కి వాలింది. "చెప్పు బిడ్డా. నీ మామ గిర్ని బోర్డు రాసిన పెయింటర్ ఇంకా ఉన్నడు. పిలిపియ్యాల్నా?"

రాగిణి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ముప్పై దాటినయ్ అత్తా. పంతులు చెప్పిన గడువు గూడ అయిపోయింది. నా పేరు మీద ఇప్పటికీ ఒక స్కూటీ లేదు. బ్యాంకుకు పోతే ఓనర్‌ను తీసుకరమ్మంటరు. వీసాకు పోతే నువ్వెవరు అంటరు. రాత్రింబవళ్లు చేసింది నేను. నేనెవరో చెప్పేటందుకు ఒక్క కాయితం లేదు. అవును, అబద్ధమే చెప్పిన. మొత్తం అడిగితే సగమన్న ఇస్తవనుకున్న."

ఆంటీ లేచి కిటికీ దగ్గరికి, రాగిణి పక్కకు వచ్చింది.

"నువ్వు చేసినవు. కాదన్ననా?" అంది. "పెద్ద వాటా నీదే పెట్టుకో. కుర్చీ మీద నా దస్తీ ఒక్కటి ఉండనియ్. మొత్తం తీసి తీగ మీదేస్తే ఊకోను."

రాగిణి తల ఊపింది. ఆమె కళ్లల్లో నీళ్లు వచ్చాయి. అవి సంతోషానివా, దొరికిపోయినందుకా అని చూశాను. తేల్చుకోలేకపోయాను.

వారం లోపల కాగితాలు వచ్చాయి. ఆంటీ ప్రతి పేజీ నాతో తెలుగులో చెప్పించుకుంది. అవే పేజీలు మళ్లీ గ్రౌండ్ ఫ్లోర్ లాయర్‌తో చెప్పించుకొని, రెండూ ఒకటే ఉన్నాయా అని చూసుకుంది. నాకు కోపం రాలేదు. నేనైనా అదే చేసేవాడిని. ఆ తర్వాత సంతకం పెట్టింది. పెట్టేటప్పుడు పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది.

లండన్ సంస్థ వాళ్ల వీడియో ఇంటర్వ్యూ శుక్రవారం, అదే ఆఫీసు గదిలో. తలుపు మూసి ఒక్కదాన్నే కూర్చుంటానని రాగిణి ముందే చెప్పింది.

గురువారం సాయంత్రం ఆంటీ హాల్లో తీగ దగ్గర నిలబడి ఉంది. ఫోన్ వచ్చాక ఆ తీగకు పనిలేదు. అయినా విప్పలేదు. ఎవడో మరిచిపోయిన దస్తీ ఒకటి దాని మీద ఉంటే మడత పెడుతూ, "తరుణ్, ఇటు రా," అని పిలిచింది.

పోయాను.

"రేపు నెట్ చూసెటోని లెక్క లోపల కూసో. ఈ ఆలోచన ఎవలిదని వాళ్లడుగుతరు గద. దానికి రాగిణి ఏం చెప్తదో విను."

"మీరే అడగొచ్చు గద ఆంటీ."

"నేనడిగితే మంచిగనే చెప్తది. అందుకే నిన్ను కూసోమంటున్న." దస్తీని తీగ మీద మళ్లీ వేసింది. "సంతకం ఎట్లాగూ పెట్టేసిన, వెనక్కి అడగ. నా పేరు చెప్పిందా లేదా, ఆ ఒక్కటి ఉన్నది ఉన్నట్టు వచ్చి చెప్పు. నేను బాధపడ్తనని మాత్రం మార్చకు."